ఫలేసి లెక్క తప్పిన ఏడాది

చిజేరే చుట్టుపక్కల ఐదూళ్ళలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టాలన్నా, పుట్టకూడదన్నా ముందు ఫలేసి చెవిన పడాల్సిందే. సర్కారువాళ్ళు ఆమెకో సైకిలూ, ఓ నీలం డబ్బా ఇచ్చారు. డబ్బాలో మాత్రలుంటాయి, మూణ్ణెల్లకోసారి వేసే సూదిమందు ఉంటుంది, ఒక్కో ఆడమనిషికి ఒక్కో కార్డు ఉంటుంది. ఆ డబ్బా సైకిలు వెనక కట్టుకుని, సరస్సు మీదనుంచి కొట్టే గాలికి ఎదురు తొక్కుకుంటూ పదకొండేళ్ళుగా ఊరూరా తిరుగుతోంది. మామిడిచెట్టు కింద ఆడవాళ్ళని పోగేసి, "వాన మన చేతిలో లేదు, వలలో పడే చేప మన చేతిలో లేదు. ఇదొక్కటీ మన చేతిలో ఉంది, దీన్నైనా సరిగ్గా పట్టుకోండి" అని మొదలుపెట్టేది. తేదీ మరిచిన వాళ్ళ గుమ్మం ముందు ఆగి అదేపనిగా బెల్లు కొట్టేది. ఆ బెల్లు వినపడితే ఇంట్లో మొగుళ్ళు కూడా ఏదో పనున్నట్టు పెరట్లోకి జారుకునేవాళ్ళు.

ఫలేసికి నలభై ఒకటి. ముగ్గురు పిల్లలు. పెద్దది తియంజానే లిలోంగ్వేలో సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తోంది. నడిపివాడు ఉత్తరాన టీ తోటల్లో ఉన్నాడు. ఆఖరివాడు పోయిన ఏడాదే పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టలు బడికి బస్సెక్కాడు. వాడు ఎక్కిన మర్నాడే ఫలేసి కూడా వెళ్ళి బళ్ళో చేరింది.

ఊళ్ళో వాళ్ళకిది పెద్ద వింత. కానీ ఫలేసి మనసులో ఇరవై మూడేళ్ళుగా నానుతున్న సంగతే. ఫారం త్రీలో ఉండగా తియంజానే కడుపున పడింది. హెడ్మాస్టరు పిలిచి, పుస్తకాలు అక్కడే పెట్టించుకుని ఇంటికి పొమ్మన్నాడు. ఇప్పుడు చదువు మధ్యలో ఆగిన పిల్లలకీ, పెద్దవాళ్ళకీ కలిపి అదే బళ్ళో మధ్యాహ్నం పూట తరగతులు పెట్టారు. జూన్ నెలాఖరులో బడి చదువు ముగించే ఫారం ఫోర్ పరీక్ష. తోటి పిల్లలు "అత్తా, పెన్నివ్వు", "అత్తా, జవాబు చూపించు" అని పీక్కు తినేవాళ్ళు. వాళ్ళ తల్లులందరూ ఆమె డబ్బాలో కార్డున్నవాళ్ళే కాబట్టి ఆ కుర్రకారు ఆమెతో మరీ పెట్టుకునేవాళ్ళు కాదు.

సరే, ఫిబ్రవరిలో వానలు ముంచెత్తాయి. వంతెన కొట్టుకుపోయింది. జిల్లా ఆస్పత్రి నుంచి మందులు తెచ్చే బండి రావడం మానేసింది. డబ్బా అడుక్కొచ్చింది. మాత్రలు కూడా అయిపోయి, చివరికి ఒక్క సూది మిగిలింది. అది ఫలేసిదే. మర్నాడు ఆమె తేదీ.

ఆ పూట వానలో తడిసి ముద్దై డొలోఫీనా వచ్చింది. డొలోఫీనా మేనమామ కూతురు, వరసకు వదిన. ఏడుగురు పిల్లల తల్లి.

"వదినా, నా తేదీ దాటి నాలుగు రోజులైంది. సూదేసెయ్."

"బండి రాలేదే, ఆగు."

"నేను ఆగుతాను. మీ అన్నయ్య ఆగొద్దూ? రేపు సరస్సు మీదనుంచి దిగుతున్నాడు. చేపలు బాగా పడ్డాయట. మంచి సంతోషం మీద వస్తున్నాడు వదినా!"

ఫలేసి ఆమె మొహం చూసింది. వెనకాల వరండాలో ఏడుగురిలో నలుగురు నిలబడి వణుకుతున్నారు. ఆఖరి సూది తీసి డొలోఫీనా జబ్బకి వేసేసింది.

ఇంట్లో లాస్టన్‌తో, "బండి వచ్చేదాకా కాస్త చూసుకోవాలి" అంది. చూసుకుందామన్నాడు. లాస్టన్ దర్జీ. పెళ్ళయిన నాటినుంచీ అక్కడి అల్లుళ్ళందరిలాగే అత్తవారి ఊళ్ళోనే ఉంటున్నాడు, నెమ్మదైన మనిషి. అయితే వాన పదకొండు రోజులు తెరిపివ్వలేదు. కుట్టించుకోవడానికి ఒక్కరూ రాలేదు. మిషను మీద గుడ్డ కప్పేసి ఇంట్లోనే కూర్చున్నాడు. పదకొండు రోజులంటే ఇద్దరు మనుషులకి పెద్ద కాలమే.

మార్చి నెలాఖరుకి గాని బండి రాలేదు. ఫలేసి రెండు రోజులు కూర్చోకుండా ఐదూళ్ళూ తిరిగి అందరికీ సూదులు వేసింది. ఈమధ్య ఒంట్లో ఏదో నలతగానే ఉంది. ఉసిప చేపలు ఎండబోసిన వైపు వెళితే కడుపులో తిప్పుతోంది. ఈసారి చేపే బాగాలేదనుకుంది. భౌతికశాస్త్రం పాఠంలో నిద్రొస్తోంది. ఆ పాఠంలో నిద్ర రాని వాళ్ళెవరులే అనుకుంది. నెల తప్పింది. నలభై దాటాయి, ఇక ఆగిపోయే రోజులొచ్చాయి కాబోలు, పీడా పోయిందనుకుంది. ఇంకొకతె వచ్చి ఈ మూడు ముక్కలూ చెప్పుంటే ఫలేసి మూడో ముక్క పూర్తికాకుండానే తేల్చి చెప్పేసేది.

తేదీ దాటి నెలైన వాళ్ళకి సూది వెయ్యాలంటే ముందు కడుపు లేదని పరీక్ష చెయ్యాలని రూలు. రూలంటే ఫలేసికి ప్రాణం. కార్డులో రాయాలి కదా అని, తడికల స్నానాలగదిలోకి వెళ్ళి తనకి తనే పరీక్ష పట్టీ పెట్టుకుంది. రెండు గీతలు వచ్చాయి.

పట్టీ పాడైందనుకుని ఇంకొకటి తీసింది. రెండు గీతలు. మూడోది వేరే పెట్టెలోంచి తీసింది. ఈసారి గీతలు ఇంకా ముదురుగా వచ్చాయి.

తడికల మధ్య పీట మీద కూర్చుండిపోయింది. బయట కోళ్ళు తిరుగుతున్నాయి. ఎవరో రోట్లో మొక్కజొన్న దంచుతున్నారు. ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉంది, ఎప్పుడు ఏడుపయిందో తెలీలేదు. తర్వాత కోపం వచ్చింది. ఎవరిమీదో ఒకరిమీద పెట్టుకోవాలి గదా, వానమీద, వంతెనమీద, డొలోఫీనా మొగుడి చేపలమీద వరసగా పెట్టుకుంటూ వచ్చి, చివరికి లాస్టన్ మీద నిలిపింది. మనిషి దగ్గర్లో ఉన్నాడు కాబట్టి.

లాస్టన్ వసారాలో ఎవరిదో యూనిఫారం కుడుతున్నాడు. ఎదురుగా వెళ్ళి నడుం మీద చేతులేసుకుని నిలబడింది.

"నాకు కడుపు."

లాస్టన్ కాలు ఆపాడు. మిషను ఆగింది. "నాకనుమానంగానే ఉంది" అన్నాడు మెల్లగా.

"అనుమానమా? నీకా? నాకే తెలీదు, నీకెలా తెలిసింది?"

"పోయిన వారం నీ బడి జాకెట్టు ఛాతీ దగ్గర వేలెడు వదులు చేశాను. నువ్వు చూసుకోలేదు. ఇరవై నాలుగేళ్ళుగా నీకు కుడుతున్నాను ఫలేసీ, నీ కొలతకి నాకు టేపెందుకు?"

"మరి నోరెత్తవేం?"

"డాక్టరమ్మవి నువ్వు. ఐదూళ్ళకి చెప్పేదానివి. దర్జీవాడొచ్చి నీకు చెప్తే బావుంటుందా?"

ఫలేసికి ఇంకా మండింది. అతను తల వంచుకుని దారం ఎక్కించుకుంటున్నాడు గాని, పెదాలు వాటంతటవే ముందుకొస్తున్నాయి. సంతోషం వస్తే లాస్టన్ ఈల వేస్తాడు.

"ఈలగాని వేశావా, ఆ మిషను తీసుకెళ్ళి సరస్సులో పారేస్తాను."

పెదాలు వెనక్కి వెళ్ళాయి. ఫలేసి అతని పక్కన చాపమీద కూలబడింది. "మళ్ళీ అదే బడి, అదే నేను, అదే కడుపు" అంది. "ఇరవై మూడేళ్ళు తిరిగి తిరిగి ఎక్కడ ఆగానో అక్కడికే వచ్చాను చూడు."

"అప్పుడు పొమ్మన్నారు. ఇప్పుడెవరూ పొమ్మనలేదుగా."

"తెలిస్తే అంటారు."

"అన్నప్పుడు చూద్దాం" అన్నాడు. సూదిలో దారం ఎక్కించి, "ఆకలేస్తోందా?" అనడిగాడు.

"వేస్తోంది" అంది ఏడుస్తూనే. "పచ్చి మామిడికాయ, ఉప్పు. ఆ న్సిమా సంకటి పేరెత్తకు."

ఆ తర్వాత మూడు వారాలు ఫలేసి ఇంకెవరికీ చెప్పలేదు. కడుపు పోయేందుకు ఊళ్ళో కొందరు తాగించే ఆకు పసర్లు తలపుకి రాలేదని కాదు. అవి తాగిన ఇద్దరిని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి చేర్చింది తనే. ఒకతె బతికింది. ఆ ఆలోచనని అక్కడే వదిలేసింది. అలాగని సంతోషమూ రాలేదు. బిడ్డకి ఇరవై ఏళ్ళొచ్చేసరికి తనకి అరవై రెండని లెక్క కట్టుకుంది. హాస్టలు బడి పిల్లాడు సెలవులకొచ్చి అమ్మ పొట్ట చూస్తే ఏమంటాడో ఊహించుకుంది. అన్నిటికన్నా ఆ మామిడిచెట్టు కింద మళ్ళీ నిలబడి "ఇదొక్కటీ మన చేతిలో ఉంది" అని ఏ మొహంతో చెప్పాలా అని సిగ్గుపడింది. నడుముకి కట్టుకునే చితెంజె గుడ్డ రెండు చుట్లు ఎక్కువ చుట్టి, సైకిలెక్కి, పాఠం సగం చెప్పి, తలనొప్పని ఇంటికొచ్చేసేది.

ఒకరోజు పొద్దున అమ్మ దగ్గరికి వెళ్ళింది. ఎమెలేసి ముసలమ్మ ఎండలో కాళ్ళు చాపుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఫలేసి పక్కన కూర్చుని, తనూ నాలుగు కాయలు ఒలిచి, అప్పుడు చెప్పింది.

ముసలమ్మ నవ్వింది. పళ్ళు లేని నోరు బార్లా తెరిచి, చేతిలో కాయలు జారిపోయేలా నవ్వింది.

"నవ్వకమ్మా."

"అల్లుడు నెమ్మదైనవాడని నలుగురితో చెప్పుకుంటున్నానే!"

"నాకు ఏడుపొస్తోంది, నీకు నవ్వా?"

"నేనూ ఏడ్చానులే. నువ్వు పడ్డప్పుడు. అప్పటికే నాకు ఆరుగురు. పొగాకు కోతలు మంచి జోరు మీదున్నాయి. నువ్వు వస్తున్నావని తెలిసి మూడ్రోజులు పొయ్యి వెలిగించలేదు."

ఫలేసి ఈ మాట ఎప్పుడూ వినలేదు. "నేను పుట్టాక?"

"పుట్టాక వెలిగించాను. ఆకలేసింది."

"అది కాదు. పుట్టాక... నా మీద ప్రేమ కలిగిందా?"

ముసలమ్మ ఇంకో కాయ చిదిపి, గింజ నోట్లో వేసుకుని, నమల్లేక అటూ ఇటూ దొర్లిస్తూ ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. "లేదు" అంది. "పాలిచ్చాను. నీళ్ళు పోశాను. వీపున కట్టుకుని పొగాకు కోశాను. పనుంది, చేశాను. నీకు మూడేళ్ళప్పుడు ఊరిపెద్ద మనింటికి పంచాయతీకొచ్చి టోపీ తీసి పక్కన పెట్టుకున్నాడు. నువ్వు పోయి కోడి పెట్టిన గుడ్డు తెచ్చి అందులో పెట్టావు. మాటలయ్యాక ఆయన పెద్దమనిషి తరహాగా లేచి, టోపీ పెట్టుకుని, పైనుంచి ఒక్కటి తట్టాడు. పచ్చసొన ముక్కు మీదుగా కారింది. నేను లోపలికి పరిగెత్తి, నోట్లో కొంగు కుక్కుకుని నవ్వీ నవ్వీ పడిపోయాను. అప్పుడనుకున్నాను, ఇది నా ఇంట్లో ఉండాల్సిన పిల్లే అని."

"మూడేళ్ళు పట్టిందా నీకు?"

"నువ్వు ముందే చేసుంటే ముందే అయ్యేది."

ఫలేసికి నవ్వాగలేదు. కడుపు సంగతి తెలిశాక కడుపారా నవ్వడం అదే మొదలు. ఇంటికెళుతుంటే దారంతా ఆ టోపీ తట్టడమే కళ్ళముందు ఆడింది. ఇప్పుడే సంతోషపడి తీరాలని ఎవరూ తనని తొందరపెట్టడం లేదనీ, తీరిగ్గా చూసుకోవచ్చనీ అనిపించి ఒళ్ళు తేలికైంది. ఆ పూట న్సిమా ముద్ద కూడా లోపలికి దిగింది.

కానీ దాచడం ఆమె చేతిలో లేకుండా పోయింది. మే మొదటి వారంలో మామిడిచెట్టు కింద సమావేశానికి ఎప్పుడూ వచ్చే ఇరవై మందికి బదులు నలభై మంది వచ్చారు. అందరూ ముందు వరసలోనే కూర్చోవాలని తోసుకుంటున్నారు. ఫలేసి డబ్బా తెరవగానే ఎనిఫా చెయ్యెత్తింది. ఎనిఫాకి పాతికేళ్ళు, నోరు మాత్రం యాభై ఏళ్ళది.

"డాక్టరమ్మా, నాకో సందేహం. ఉసిప చేప వాసనొస్తే ఒకావిడ ముక్కు మూసుకుని పరిగెడుతోంది. ఏం జబ్బంటారు?"

"చేప... చేప కుళ్ళిందేమో."

"మేమందరం అదే చేప తింటున్నాం గదమ్మా!"

ఇంకొకావిడ లేచింది. "ఆవిడే పచ్చి మామిడికాయలు తిని మా చెట్టు ఖాళీ చేసింది. దానికి సూదేమైనా ఉందా?"

"మామూలుగా ఒక్క గుడ్డ చుట్టుకునే మనిషి మూడు చుట్టుకుంటోంది. చలిజ్వరమా?"

"వాళ్ళాయన మిషను దగ్గర ఈల వేస్తున్నాడు డాక్టరమ్మా! ఆవిడ గుమ్మంలోకి రాగానే ఆపేస్తున్నాడు! అది అంటుకునేదా?"

ఎవరూ నవ్వడం లేదు. నలభై మంది బుగ్గలు బిగబట్టుకుని, చదువుకునే పిల్లల్లా కళ్ళు విప్పార్చి చూస్తున్నారు. వెనకెక్కడో ఒక ముసలావిడ నవ్వాపుకోలేక తుమ్మినట్టు చప్పుడు చేసింది. ఫలేసి ఆ మొహాలన్నీ ఒకసారి చూసి, డబ్బా మూసి దాని మీద కూర్చుంది.

"మూడో నెల" అంది.

నవ్వులతో మామిడాకులు రాలాయంటే నమ్మాలి. ఒకరి మీద ఒకరు పడి దొర్లారు. ఎనిఫా లేచి నాలుగడుగులు ఆడింది. నవ్వీ నవ్వీ అలిసి, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ కూర్చున్నాక ఒకావిడ నెమ్మదిగా అడిగింది, ఈసారి వేళాకోళం లేదు. "మరి నీకే ఇలా అయితే, మా సూదులు పనిచేస్తాయా ఫలేసీ?"

నెల పైగా ఫలేసి భయపడుతున్న ప్రశ్న ఇదే. తీరా వచ్చేసరికి జవాబు తేలిగ్గానే ఉంది. "సూది వేసుకుంటే పనిచేస్తుంది. నేను వేసుకోలేదు. వంతెన పోయినప్పుడు ఉన్న ఒక్కటీ ఇంకొకరికి వేసేశాను. వయసైపోయింది, నాకేమవుతుందిలే అనుకున్నాను. పదకొండేళ్ళుగా ఆ మాట మీరంటే మిమ్మల్ని తిట్టాను. ఇప్పుడు మీరందరూ తలో తిట్టూ తిట్టండి, చెల్లుకి చెల్లు."

"ఎవరికి వేశావు?"

"అది చెప్పను. ఎవరి కార్డు వాళ్ళది."

మూడో వరసలో డొలోఫీనా లేచి నిలబడింది. వేళ్ళు మడుచుకుంటూ ఫిబ్రవరి నుంచి లెక్కపెడుతోంది. మొహంలో రంగులు మారిపోతున్నాయి. "నాకే" అంది నెత్తిన చేతులు పెట్టుకుని. "ఓరి నాయనో, ఆ బిడ్డ నాకు పుట్టాల్సింది!"

"నీ ఇంట్లో చోటు లేక వదినింటికి పోయింది" అంది ఎనిఫా. ఆ పూట పాఠం అక్కడితో అయిపోయింది.

మర్నాడు తెల్లారి డొలోఫీనా చంకలో కోడిపెట్టతో గుమ్మంలో నిలబడింది.

"ఇదెందుకు?"

"తినడానికి. సగం బిడ్డ నాది గదా."

ఫలేసి కోడిని అందుకోలేదు. "వదినా, ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. నీ మీద నాకు కోపంగా ఉంది. నీ తప్పేం లేదని తెలుసు. నువ్వు నీళ్ళబిందె ఎత్తుకుని గంతులేసినట్టు నడుస్తుంటే చూసి ఒళ్ళు మండిపోతోంది."

"మండదా మరి? నేనైతే ఈపాటికి నీ బిందె పగలగొట్టేదాన్ని" అంది డొలోఫీనా. కోడిని వాకిట్లో వదిలి, బిందె తీసుకుంది. "నాకు చదువు రాదు. పరీక్షెలా ఉంటుందో తెలీదు. అది అయ్యేదాకా నీ నీళ్ళు, నీ కట్టెలు నేను చూస్తాను. ఆ కోపం అయిపోయిన రోజున చెప్పు." బిందె నెత్తిన పెట్టుకుని, కావాలని బరువుగా కాళ్ళీడుస్తూ నడిచింది. ఫలేసి నవ్వు ఆపుకుంటూ కోడిని పట్టడానికి వెళ్ళింది.

తియంజానేకి ఫోన్లో చెప్పడం ఇంకా కష్టమైంది.

"అమ్మా! నీకు నలభై ఒకటి!"

"నాకు తెలుసు. నేనే పుట్టాను."

"నా స్నేహితులకి ఏం చెప్పుకోను?"

"చెల్లో తమ్ముడో పుడతారని చెప్పు."

ఫోను ఠక్కున పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తనే చేసింది. ఈసారి గొంతు చిన్నగా ఉంది. "నేనూ ఇలాగే వచ్చాను కదమ్మా. నీ చదువు పాడు చేసి."

ఫలేసి వసారా గోడకి ఆనుకుంది. "ఒసే, పిచ్చిదానా. నువ్వు నా కడుపులో ఊరికే నిద్రపోతున్నావు. పొమ్మన్నది హెడ్మాస్టరు. ఆయన పనికి నువ్వు సంజాయిషీ చెప్పకు." అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. "బిడ్డకి గౌన్లు ఏ రంగువి కొనను?" అంది తియంజానే. "మీ నాన్న ఇప్పటికే పదకొండు కుట్టేశాడు, ఇంక కొనకు" అంది ఫలేసి.

బడి సంగతి మిగిలింది. ఎవరో చెప్పకముందే తనే చెప్పాలని, లెక్కల గోండ్వే మాస్టారి గదికి వెళ్ళింది. మధ్యాహ్నం బడికి ఆయనే పెద్ద. ఇరవై ఆరేళ్ళవాడు. ఫలేసి చెబుతుంటే సుద్దముక్క ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ చెవులదాకా కందిపోయాడు. ఫలేసి పుస్తకాలు గుండెకి అదుముకుని నిలబడింది. పద్దెనిమిదేళ్ళప్పుడు కూడా సరిగ్గా ఇక్కడే, ఇదే కిటికీ పక్కన నిలబడింది.

"ఇప్పుడలా ఎవర్నీ పంపించకూడదండీ" అన్నాడాయన. ఇంకా ఏదో చెప్పాలనిపించి తడుముకుని, "మీకు వాంతులుగాని అవుతుంటే... తలుపు పక్క బల్ల ఖాళీగా ఉంది" అన్నాడు.

ఫలేసి బయటికొచ్చి, పంపు దగ్గర మొహం కడుక్కుని, ఇంకోసారి కడుక్కుని, వెళ్ళి తలుపు పక్క బల్ల మీద కూర్చుంది. "అత్తా, ఒక్క సీట్లో ఇద్దరా? మోసం!" అని వెనక బల్లవాళ్ళు గోలచేశారు. వాళ్ళ తల్లుల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదివింది. గోల ఆగింది.

అక్కడ జూన్ అంటే చలికాలం. ఆ గాలుల్లో ఒకరోజు సైకిలు మీద వస్తోంది. ఆ మట్టిరోడ్డు గతుకుల మీద డబ్బా గలగలలాడుతోంది. ఉన్నట్టుండి పొట్టలో చిన్న చేప తోక కొట్టినట్టైంది. ఫలేసి బ్రేకు వేసింది. మళ్ళీ కొట్టింది.

"ఏమిటి?" అంది పైకే. "రోడ్డు నేను వేశానా?"

చుట్టూ ఎవరూ లేరు. వరిమళ్ళ మీద కొంగలున్నాయి. సైకిలు దిగి నడిపించుకుంటూ, "సరే, నడుస్తాలే" అంది. అంతవరకూ అది ఆమెకొక లెక్క, ఒక తేదీ, ఒక సిగ్గు. పలకరించాల్సిన మనిషని తట్టలేదు. ఆ దారంతా పరీక్షకి బట్టీపట్టిన నదుల పేర్లు దానికి వినిపించింది. ఒక పేరు మరిచిపోయి ఆగితే లోపలినుంచి తన్నింది. "నీకు తెలిస్తే నువ్వే చెప్పు" అంది.

పరీక్షలు రెండు వారాలు జరిగాయి. కాపలా కాయడానికి వేరే ఊరినుంచి వచ్చిన ఆయన మొదటిరోజు ఆమె పొట్టనీ హాల్‌టికెట్టునీ మార్చి మార్చి చూసి, "పిల్లల్ని దించడానికి వచ్చారా?" అనడిగాడు. "ఒకర్ని మోసుకొచ్చాను, దించడానికింకా టైముంది" అంది ఫలేసి. అన్నీ బాగానే రాసింది. లెక్కల రోజున మాత్రం ప్రశ్న కాగితం ఆమెనీ, ఆమె ప్రశ్న కాగితాన్నీ చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

అక్టోబరు ఎండల్లో ఫలితాలొచ్చాయి. లెక్కలు తప్ప అన్నీ పాసైంది. లెక్కలొక్కటీ వచ్చే జూన్‌లో మళ్ళీ రాసుకోవచ్చన్నారు. పొట్ట మీద చేతులేసుకుని కాసేపు దిగాలుగా కూర్చుంది. తర్వాత జీవశాస్త్రంలో ఆ బడి మొత్తానికీ తనకే ఎక్కువ మార్కులని తెలిసి, లాస్టన్‌ని పిలిచి, "ఇప్పుడు వేసుకో ఈల" అంది. సందు చివరిదాకా వినపడేలా వేశాడు.

నవంబరులో తొలివాన పడిన మధ్యాహ్నం ఆరోగ్యకేంద్రంలో ఆడపిల్ల పుట్టింది. డొలోఫీనా మంచం పక్కనే ఉండి ఫలేసి కన్నా గట్టిగా అరిచింది. నర్సు ఆమెని రెండుసార్లు బయటికి పంపింది. లాస్టన్ మ్ఫత్సో అని పెడదామన్నాడు. "అనుకోకుండా పుట్టిన ప్రతి పిల్లకీ ఇక్కడ కానుకనే పేరు. గుమ్మంలో నిలబడి పిలిస్తే తొమ్మిది మంది పరిగెత్తుకొస్తారు" అని ఫలేసి ఒప్పుకోలేదు. లాస్టన్ తల్లి పేరు సెలీనా అని పెట్టారు. ఎర్రగా, ముడతలు ముడతలుగా, అలిగినట్టుంది పిల్ల. ఫలేసి పాలిచ్చింది, నీళ్ళు పోసింది, వీపున కట్టుకుంది. అడిగినవాళ్ళకి బాగానే ఉందని చెప్పింది.

జనవరిలో మళ్ళీ లెక్కల పుస్తకం తీసింది. పిల్ల ఊరుకోనివ్వడం లేదు. "రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నాకిచ్చెయ్యి. హాయిగా చదువుకో" అంది డొలోఫీనా. మొదటిరోజు పిల్లని వీపున కట్టుకుని, గుడ్డ బిగించి తీసుకెళ్ళిపోయింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఫలేసి చాప పరుచుకుని, పెన్సిలు చెక్కుకుని, పుస్తకం తెరిచింది. మొదటి లెక్క రెండుసార్లు చదివింది. లేచి నీళ్ళు తాగింది. మూడోసారి చదివింది. పిల్ల టోపీ చాప మీద పడుంది. బయట చల్లగా ఉందేమో, టోపీ లేకుండా పోయిందే అనుకుంది. ఎండ మండిపోతోంది. నాలుగోసారి చదవబోయి పెన్సిలు పుస్తకంలో పెట్టి మూసేసి, చెప్పులు కూడా వేసుకోకుండా డొలోఫీనా ఇంటికి నడిచింది.

డొలోఫీనా వాకిట్లో కూర్చుని ఉంది. పిల్ల ఆమె వీపున నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఏం వదినా?"

"పాలవేళైంది."

"ఇప్పుడేగా తెచ్చాను! పాతిక నిమిషాలు కూడా కాలేదు."

"అయింది, నేను గడియారం చూసే వచ్చాను. ఇటివ్వు" అంది ఫలేసి, అప్పటికే గుడ్డ ముడి విప్పుతూ.